మచ్చలు, చుక్కలు, పొడలను తెలిపే తెలుగు పదాలు

ఏదైనా ఉపరితలం మీద దాని అసలు రంగుకు భిన్నంగా కనిపించే చిన్న భాగాన్ని తెలుగులో సందర్భాన్ని బట్టి చుక్క, బొట్టు, మచ్చ, మరక, పొడ, బొల్లి మొదలైన పేర్లతో వ్యవహరిస్తారు. ఇవి పైకి పర్యాయపదాలుగా కనిపించినా ఒకదాని స్థానంలో మరొకటి వాడడం అన్నివేళలా కుదరదు. నుదుట పెట్టుకొనేది బొట్టు; దానిని మచ్చ అనరు. చొక్కా మీద సిరా ఒలికితే మరక. దానిని పొడ అనరు. దుప్పి ఒంటి మీద ఉన్నవి పొడలు లేదా చుక్కలు. వాటిని మరకలు అనరు. గుర్తు పరిమాణాన్నీ ఆకారాన్నీ మాత్రమే కాక, అది పెట్టినదా, పుట్టుకతో వచ్చినదా, అంటుకొన్నదా, రోగం వల్ల ఏర్పడినదా అనే విషయాన్ని కూడా ఈ పదాలు సూచిస్తాయి. అందువల్ల వ్యవసాయం, చేపల పెంపకం, వైద్యం, భూమి రికార్డులు వంటి రంగాలలో ఈ పేర్లను సరిగా తెలుసుకోవడం అవసరమవుతుంది.

ఏలూరు జిల్లాలోని భీమడోలు పరిసరాలలో ఈ పదాలలో చాలా భాగం నిత్యవ్యవహారంలో ఉన్నాయి. భీమడోలు ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల మధ్య 16వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడే వరకు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. దీనికి దక్షిణాన కొల్లేరు సరస్సు, చుట్టూ గోదావరి కాలువల కింద సాగయ్యే వరి చేలు, చేపల చెరువులు, ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు మెట్ట భూములు ఉన్నాయి. డెల్టా, సరస్సు, మెట్ట ఒకచోట కలవడం వల్ల ఈ మూడు రకాల జీవనానికి సంబంధించిన పదాలు ఇక్కడ వినిపిస్తాయి.

## ప్రధాన పదాలు

* చుక్క: చిన్నదిగా, గుండ్రంగా, అంచు స్పష్టంగా ఉండే గుర్తు. ద్రవపు బిందువు, ఆకాశంలోని నక్షత్రం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఉదా: ముగ్గు చుక్క, వేగుచుక్క, కంటి చుక్కల మందు.
* బొట్టు: ద్రవపు బిందువు, నుదుట పెట్టుకొనే గుర్తు. రెండవ అర్థంలో ఇది ఎప్పుడూ మనిషి కావాలని పెట్టినదే అయి ఉంటుంది.
* మచ్చ: చర్మం, ఆకు, పండు వంటి వాటి మీద వేరే రంగులో ఏర్పడిన భాగం. పుట్టుకతో వచ్చినా, గాయం మానిన తరువాత మిగిలినా, రోగం వల్ల కలిగినా మచ్చే. ఇది వస్తువులో భాగమై ఉంటుంది కాబట్టి కడిగితే పోదు.
* మరక: బయటి నుండి అంటుకొన్నది. పోయినా పోకపోయినా, కడిగి పోగొట్టవలసినదనే భావం ఈ పదంలో ఉంది. ఉదా: జీడి మరక, తుప్పు మరక. దీనినే డాగు అని కూడా అంటారు.
* పొడ: జంతువుల ఒంటిపై చెదురుగా ఉండే మచ్చ. సాధారణంగా బహువచనంలో వాడతారు. ఉదా: పొడదుప్పి.
* బొల్లి: తెల్లని మచ్చ. జంతువుల ముఖం మీది తెలుపునూ, మనుషులలో చర్మం తెల్లబడే స్థితినీ ఈ పేరుతోనే పిలుస్తారు. ఉదా: బొల్లావు.
* వాత: కాల్చినందువల్ల ఏర్పడిన గుర్తు. ఇది సాధారణంగా పొడవుగా ఉంటుంది.

చుక్కలకూ మచ్చలకూ దగ్గరగా ఉన్నా వేరైన పదాలు మరికొన్ని ఉన్నాయి. పొడవుగా సాగిన గుర్తు చార. ఒంటిని చుట్టినట్లుండే అడ్డచారలు కట్లు. నిలువు, అడ్డం గీతలు కలిసి ఏర్పడే చతురస్రాలు గళ్ళు. చీరల విషయంలో చుక్కల చీర, చారల చీర, గళ్ళ చీర అనే విభజన అందరికీ తెలిసినదే.

పొడ అనే పదానికి నిఘంటువులలో మచ్చ అనే అర్థంతో పాటు జాడ, కనబడుట అనే అర్థాలు కూడా ఉన్నాయి. "వారిమధ్య విభేదాలు పొడచూపాయి", "వాడి పొడ గిట్టదు" అనే వాడుకలలో కనిపించేది ఈ రెండవ అర్థమే.

## వరి తెగుళ్ళ పేర్లు

డెల్టా రైతుకు మచ్చ పేరు తెలియడం పంటకు సంబంధించిన విషయం. వరిలో మచ్చలతో బయటపడే ముఖ్యమైన శిలీంధ్ర తెగుళ్ళు మూడు. మూడింటిలోనూ మచ్చ ఆకారం, స్థానం వేరు.

పాముపొడ తెగులు: నీటి మట్టానికి కొంచెం పైన, ఆకు తొడిమను పిలక చుట్టూ కప్పే భాగం మీద కోలగా ఆకుపచ్చ, బూడిద రంగు కలిసిన మచ్చలు మొదలవుతాయి. తరువాత మధ్యభాగం తెల్లబారి, అంచు గోధుమ రంగుకు తిరుగుతుంది. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి పైకి పాకినప్పుడు మొక్క మొదలు పాము చర్మంలా కనిపిస్తుంది. పేరు అందువల్లనే వచ్చింది. దీనికి కారణం రైజోక్టోనియా సొలానై అనే శిలీంధ్రం. ఒత్తుగా నాటిన చేలలో, నత్రజని ఎరువు ఎక్కువగా వేసిన చోట ఉధృతి అధికం. మారుటేరు పరిశోధన స్థానంలో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ రకం డెల్టాలో విస్తృతంగా సాగయింది. అది ఈ తెగులును తట్టుకోలేని రకాలలో ఒకటి.

అగ్గి తెగులు: ఆకుల మీద రెండు కొసలూ సన్నగా, మధ్య వెడల్పుగా ఉండే మచ్చలు వస్తాయి. వీటిని వ్యవసాయ గ్రంథాలలో "నూలు కండె ఆకారపు మచ్చలు" అని వర్ణిస్తారు. నూలు కండె అనేది చేనేత పనిముట్టు. మచ్చ మధ్య బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు ఉంటాయి. మచ్చలు కలిసిపోతే చేను నిప్పు తగిలి మాడినట్లు కనబడుతుంది కాబట్టి ఈ పేరు వచ్చింది.

గోధుమ మచ్చ తెగులు: ఆకుల మీద నువ్వు గింజ పరిమాణంలో, కోలగా గోధుమ రంగు మచ్చలు చెదురుగా వస్తాయి. ఇది ఎక్కువగా సారం తక్కువైన నేలలలో, పోషకాలు, ముఖ్యంగా పొటాషియం లోపించిన పైరులో కనిపిస్తుంది. 1943 నాటి బెంగాల్ కరవుకు ముందు 1942లో అక్కడి వరి పంటను ఈ తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. ఆ కరవుకు ఇది ఎంతవరకు కారణమన్న విషయంలో శాస్త్రవేత్తలకూ ఆర్థికవేత్తలకూ మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి.

ఈ మూడింటినీ "ఆకుమచ్చ" అని ఒకే పేరుతో పిలిస్తే నష్టం కలిగే అవకాశం ఉంది. మొదటి రెండు తెగుళ్ళలో నత్రజని వేయడం తగ్గించాలి. మూడవ దానిలో నేలకు సమతుల్యంగా పోషకాలు అందించాలి. పాముపొడకు మందు పిచికారీ చేసేటప్పుడు అది మొక్కల మొదళ్ళకు తగలాలి; ఆకుల పైభాగం తడిస్తే చాలదు. మచ్చను గుర్తించడంలో పొరబడితే వైద్యం కూడా తారుమారవుతుంది.

మెట్ట పంటలలో కూడా ఇటువంటి వర్ణనాత్మకమైన పేర్లున్నాయి. పొగాకు ఆకు మీద తెల్లని నడిమి భాగం, చుట్టూ ముదురు వలయం గల మచ్చలు వచ్చే తెగులును కప్పకన్ను తెగులు అంటారు. ద్రాక్షలో ఇటువంటి మచ్చలు వచ్చేది పక్షికన్ను తెగులు. బొబ్బల వలె ఉబికిన గరుకు మచ్చలు ఏర్పడే నిమ్మ తెగులు గజ్జి తెగులు. మనుషుల చర్మవ్యాధి పేరే ఇక్కడ చెట్టుకు వర్తించింది.

## రొయ్యలు, చేపల వ్యాధులు

1990 దశకంలో కోస్తా జిల్లాలలో టైగర్ రొయ్యల సాగు వేగంగా పెరిగింది. ఒంటి మీది అడ్డచారల వలన ఆ రొయ్యకు పులి పేరు వచ్చింది. 1994 నుండి ఈ సాగును దెబ్బతీసిన వ్యాధి పేరు తెల్లమచ్చ వ్యాధి. రైతులు దీనిని "వైట్ స్పాట్" అని కూడా అంటారు. ఇది వైరస్ వల్ల వస్తుంది. రొయ్య తల భాగాన్ని కప్పిన పెంకు లోపలివైపు సున్నపు పదార్థం పేరుకొని తెల్లని చుక్కలు ఏర్పడతాయి. ఇవి సాధారణంగా అర మిల్లీమీటరు నుండి రెండు మూడు మిల్లీమీటర్ల వరకు ఉంటాయి. వ్యాధి ముదిరిన చెరువులో 3 నుండి 10 రోజులలో దాదాపు రొయ్యలన్నీ చనిపోవచ్చు. 2009లో భారతదేశంలో వనామి రొయ్యల సాగుకు అనుమతి లభించిన తరువాత టైగర్ స్థానాన్ని చాలావరకు వనామి ఆక్రమించింది. అయితే వనామి రొయ్యకు కూడా ఈ వైరస్ సోకుతుంది.

ఈ వ్యాధికి పేరు మచ్చను బట్టి వచ్చినా మచ్చ ఒక్కటే వ్యాధికి రుజువు కాదు. నీటిలో క్షారత్వం ఎక్కువైనప్పుడు, కొన్ని బాక్టీరియాల వల్ల కూడా పెంకు మీద తెల్లని చుక్కలు కనిపించవచ్చు. మరోవైపు, వైరస్ సోకిన రొయ్యలలో కొన్నింటికి మచ్చలు స్పష్టంగా ఏర్పడకముందే మరణం సంభవిస్తుంది. అందువల్ల ప్రయోగశాలలో పి.సి.ఆర్. పరీక్ష ద్వారా నిర్ధారించుకోవలసి ఉంటుంది. చుక్కను చూసి భయపడి ఎదగని రొయ్యను పట్టి అమ్మితే రైతు నష్టపోతాడు. నిజమైన వ్యాధిని తేలికగా తీసుకొని ఆ నీటిని కాలువలోకి వదిలితే పక్క చెరువుల వారు నష్టపోతారు.

మంచినీటి చేపలలో ఎర్రని మచ్చలతో మొదలై లోతైన పుండ్లుగా మారే వ్యాధి 1988లో భారతదేశంలో మొదటిసారి గుర్తించబడింది. ఇది ఒక రకమైన బూజు వంటి జీవి వల్ల వస్తుంది. కొర్రమీను జాతి చేపలకు ఈ వ్యాధి ఎక్కువగా సోకుతుంది.

## పక్షులు, జంతువులు, పాములు

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఇక్కడి ప్రసిద్ధ పక్షి గూడబాతు. ఇది పెలికాన్ జాతికి చెందినది. దీని పైముక్కు అంచు వెంట వరుసగా నల్లని మచ్చలుంటాయి. ఆంగ్ల నామంలో ఈ మచ్చల ప్రస్తావన ఉంది. తెలుగు పేరులో మచ్చలకు బదులు ముక్కు కింద వ్రేలాడే సంచి కనిపిస్తుంది. గూడ అంటే చేలకు నీరు తోడే సాధనం. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త కొల్లేరు సమీపంలో ఈ పక్షులు గూళ్ళు కట్టుకొనే పెద్ద స్థావరాన్ని గుర్తించాడు. అది 1970 దశకంలో కనుమరుగయింది. ఆ తరువాతి కాలంలో కైకలూరు సమీపంలోని ఆటపాక గూడబాతులకు ముఖ్యమైన స్థావరమైంది.

సరస్సులో కనిపించే మరొక పక్షి బొల్లికోడి. ఇది నల్లని నీటికోడి. ముక్కు మొదలు నుండి నుదుటి వరకు తెల్లని బిళ్ళ వంటి భాగం ఉంటుంది. ఆ తెలుపు వలననే దీనికి బొల్లి అనే విశేషణం చేరింది. ఆంగ్లంలో ఈ పక్షిని పూర్వం "బాల్డ్ కూట్" అనేవారు. ఇప్పుడు బట్టతల అనే అర్థంలో వాడుతున్న "బాల్డ్" అనే మాటకు పాత ఆంగ్లంలో తెల్లని మచ్చ గలది అనే అర్థం కూడా ఉండేది. పరస్పర సంబంధం లేని రెండు భాషలు ఒకే పక్షిని ఒకే గుర్తుతో పిలిచాయన్నమాట.

పాముల పేర్లలో కూడా ఒంటి మీది గుర్తులు కనిపిస్తాయి. నల్లని ఒంటిపై సన్నని తెల్లని కట్లు ఉన్నది కట్లపాము. రక్తపింజరకు వీపు మీద మూడు వరుసలలో కోలగా ముదురు గోధుమ రంగు మచ్చలుంటాయి. నాగుపాము పడగ మీది గుర్తును కాళీయ మర్దన కథతో జోడించి కృష్ణపాదాలుగా భావిస్తారు. పాము కాటు వేసినప్పుడు మాత్రం గుర్తులను బట్టి పామును పోల్చుకొనే ప్రయత్నంలో కాలయాపన చేయరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో లభిస్తుంది.

## కోడిపుంజుల వర్ణాలు

గోదావరి, కృష్ణా జిల్లాలలో కోడిపుంజులను ఈకల రంగు, వాటి మీది పొడలను బట్టి పేర్లు పెట్టి పిలుస్తారు. కుక్కుట శాస్త్రం పేరిట ప్రచారంలో ఉన్న పుస్తకాలలో ఈ పేర్లు కనిపిస్తాయి. ప్రాంతాన్ని బట్టి వీటి నిర్వచనాలలో కొంత తేడా ఉంటుంది. కొన్ని ముఖ్యమైనవి:

* కాకి: నల్లని ఈకలు గలది.
* సేతు: తెల్లని ఈకలు గలది.
* డేగ: ఎర్రని ఈకలు గలది.
* నెమలి: రెక్కల మీద లేదా వీపు మీద పసుపు రంగు ఈకలు గలది.
* పర్ల: మెడ మీద నలుపు, తెలుపు ఈకలు సమానంగా గలది.
* పింగళ: తెల్లని రెక్కల మీద అక్కడక్కడ నలుపు, గోధుమ రంగు ఈకలు గలది.
* కౌజు: నలుపు, ఎరుపు, పసుపు రంగులు కలిసినది.
* పూల: ఒక్కొక్క ఈకలోనే నలుపు, తెలుపు, ఎరుపు మూడూ గలది.
* మైల: ఎరుపు, బూడిద రంగులు కలిసినది.

వీటిలో కాకి, డేగ, నెమలి, కౌజు అనేవి ఇతర పక్షుల పేర్లు. రంగును వర్ణించడానికి బదులు ఆ రంగు గల పక్షినే పేరుగా పెట్టడం ఇక్కడి పద్ధతి. పూల, పర్ల అనే రెండింటికీ మధ్య తేడా గమనింపదగినది. పర్లలో వేరువేరు రంగుల ఈకలు పక్కపక్కన ఉంటాయి. పూలలో ఒకే ఈక మీద మూడు రంగులు ఉంటాయి. సంక్రాంతికి జరిగే కోడి పందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం ప్రకారం నేరం. అయినప్పటికీ పెరట్లో పెంచుకొనే కోళ్ళకు కూడా ఇవే పేర్లు వాడడం వలన ఈ పదజాలం పందేలతో నిమిత్తం లేకుండా కూడా వాడుకలో ఉంది.

## ముగ్గు చుక్కలు, బొట్టు

ధనుర్మాసంలో వాకిళ్ళలో వేసే ముగ్గులలో చుక్కల ముగ్గు ఒక ప్రధానమైన రకం. చుక్కలు పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. పై వరుసలోని చుక్కకు సూటిగా కింది వరుస చుక్క వస్తే ఎదురు చుక్క. రెండు చుక్కల మధ్య ఖాళీకి ఎదురుగా వస్తే సందు చుక్క. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు" అనే సూచనలో పూర్తి ముగ్గు పటం ఇమిడి ఉంది. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 వరకు పోవాలి. ఈ విధంగా మొత్తం 169 చుక్కలు వస్తాయి, ఆకారం షడ్భుజి. అదే "15 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చే వరకు" అంటే రెండేసి తగ్గించుకుంటూ పోవాలి. అప్పుడు మొత్తం 113 చుక్కలు వస్తాయి. ఆకారం మూల మీద నిలబెట్టిన చతురస్రం. ముగ్గు వేసేవారు ఈ లెక్కను కాగితం లేకుండానే సాధిస్తారు.

నుదుట పెట్టుకొనే బొట్టుకు తిలకం అనే సంస్కృత పదం కూడా వాడుకలో ఉంది. తిల అంటే నువ్వు. నువ్వు గింజంత పుట్టుమచ్చకు కూడా సంస్కృతంలో ఈ పదమే మూలం. పెళ్ళిలో వధూవరులకు నుదుట కల్యాణ తిలకం, బుగ్గ మీద చుక్క దిద్దుతారు. పసిపిల్లలకు బుగ్గన గాని, అరికాలిలో గాని కాటుకతో పెట్టేది దిష్టి చుక్క. అందమైన ముఖానికి కావాలని ఒక లోపం కల్పిస్తే చూసేవారి దృష్టి దాని మీద పడి బిడ్డకు హాని జరగదని నమ్మకం. శుభకార్యాలకు ఆడవారిని ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవడం ఆచారం. "బొట్టు పెట్టి పిలవాలా?" అనే ఎత్తిపొడుపు మాట దీని నుండే వచ్చింది.

ఆరోగ్య రంగంలో "చుక్కలు" అనే మాట పోలియో మందుకు పర్యాయపదంగా స్థిరపడింది. భారతదేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చి 27న దేశం పోలియో రహితమైనట్లు ధ్రువీకరణ లభించింది.

## శరీరం మీది మచ్చలు

పుట్టుకతో వచ్చినా, తరువాత ఏర్పడినా చర్మం మీద స్థిరంగా ఉండే చిన్న నల్లని గుర్తును పుట్టుమచ్చ అంటారు. పదవ తరగతి పరీక్షల ధ్రువపత్రంలో విద్యార్థి గుర్తింపు కొరకు రెండు పుట్టుమచ్చలు నమోదు చేసే పద్ధతి తెలుగు రాష్ట్రాలలో ఉంది. అందువలన చదువుకొన్న ప్రతివారికీ తమ పుట్టుమచ్చలు ఎక్కడ ఉన్నదీ తెలిసి ఉంటుంది. ఇతర మచ్చలలో కొన్నింటికి ప్రత్యేకమైన పేర్లున్నాయి.

* మంగు: ముఖం మీద, ముఖ్యంగా బుగ్గల మీద వచ్చే గోధుమ రంగు మచ్చలు.
* శోభి: మెడ, ఛాతీ, వీపు మీద వచ్చి సన్నని పొట్టు రాలే లేత రంగు మచ్చలు. ఇది శిలీంధ్రం వల్ల వస్తుంది.
* తామర: వలయాకారంలో వ్యాపించే, దురద గల మచ్చ. ఇది కూడా శిలీంధ్రం వల్లనే వస్తుంది.
* దద్దు: ఉబ్బి, దురద పెట్టి, కొంతసేపటికి మాయమయ్యేది.
* బొల్లి: చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల పాల వలె తెల్లగా మారిన మచ్చ.

మశూచి గుంటలు కూడా ఒకప్పుడు సాధారణంగా కనిపించేవి. 1980లో ఆ వ్యాధి ప్రపంచం నుండి నిర్మూలనమైనట్లు ప్రకటించబడింది.

పేరు మారడం వలన మనుషులకు హాని కలిగిన సందర్భానికి బొల్లి ఉదాహరణ. దీనికి శ్వేతకుష్ఠు, తెల్లకుష్ఠు అనే పేర్లు కూడా వాడుకలోకి వచ్చాయి. నిజానికి బొల్లికీ కుష్ఠు వ్యాధికీ సంబంధం లేదు. బొల్లి అంటువ్యాధి కాదు. ఆ మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. కుష్ఠు వ్యాధి బాక్టీరియా వల్ల వస్తుంది. ఆ సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశానికి చెందిన హాన్సెన్ గుర్తించాడు. కుష్ఠు మచ్చ పూర్తిగా తెల్లగా ఉండదు; చర్మం కంటే లేత రంగులో గాని, రాగి రంగులో గాని ఉంటుంది. ఆ మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది లేదా పూర్తిగా పోతుంది. నొప్పి, దురద లేకపోవడం వల్లనే చాలామంది దానిని పట్టించుకోరు.

ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వలన రెండు విధాలుగా నష్టం జరిగింది. బొల్లి ఉన్నవారు, ముఖ్యంగా ఆడపిల్లలు, అంటురోగం ఉన్నవారుగా భావించబడి పెళ్ళి సంబంధాలలోను, బడిలోను వివక్షకు గురయ్యారు. రెండవది, కుష్ఠు అంటే తెల్లమచ్చ అని నమ్మినవారు రాగి రంగు మచ్చను నిర్లక్ష్యం చేసి, చేతివేళ్ళు, పాదాలు దెబ్బతిన్న తరువాత గాని వైద్యుని వద్దకు వెళ్ళలేదు. కుష్ఠు వ్యాధి బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. కుష్ఠు వ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా వివిధ వైయక్తిక చట్టాల నుండి తొలగించారు. స్పర్శ లేని మచ్చ ఏదైనా కనిపిస్తే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి.

## చుక్కల భూములు

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ వ్యవహారాలలో చుక్కల భూములు అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. బ్రిటిషు పాలనాకాలంలో భూముల సర్వే, సెటిల్‌మెంటు జరిపినప్పుడు తయారైన రీసెటిల్‌మెంటు రిజిస్టరులో కొన్ని భూములకు పట్టాదారు పేరు రాయవలసిన గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టి వదిలివేశారు. హక్కుదారు ఎవరో తేలకపోవడం, సంబంధిత వ్యక్తి విచారణ సమయంలో అందుబాటులో లేకపోవడం వంటివి ఇందుకు కారణాలు. ఆ భూములను తరతరాలుగా రైతులు సాగు చేసుకొంటున్నా, రికార్డులో మాత్రం చుక్కలే మిగిలాయి.

తరువాతి కాలంలో ఈ భూములను రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షను క్రింద నిషేధిత జాబితాలో చేర్చడం వలన అమ్మడానికి, తనఖా పెట్టడానికి వీలు లేకుండా పోయింది. బిడ్డ పెళ్ళికో, చదువుకో ఎకరం అమ్మబోయిన రైతుకు అప్పుడు గాని తన భూమి చుక్కల భూమి అని తెలియని సందర్భాలున్నాయి. ఈ సమస్య పరిష్కారానికి 2017లో రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టం చేసింది. 2023 మే నెలలో సుమారు 97 వేల కుటుంబాలకు చెందిన 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుండి తొలగించే కార్యక్రమాన్ని అప్పటి ప్రభుత్వం ప్రారంభించింది.

ఇతర సందర్భాలలో చుక్క ఒక గుర్తు ఉన్నదని తెలుపుతుంది. రెవెన్యూ రికార్డులో మాత్రం పేరు లేదని తెలుపుతుంది.

## సంస్కృత, ఆంగ్ల పదాలతో పోలిక

సంస్కృతంలో బిందువు, తిలకం, కళంకం, లాంఛనం, కల్మాషం, శబలం మొదలైన పదాలున్నాయి. వీటిలో బిందువు గణితంలోను, లిపిలోను స్థిరపడింది. తెలుగు లిపిలోని నిండుసున్నకు పూర్ణబిందువు అని పేరు. చిత్ర శబ్దానికి రంగురంగులది, మచ్చలు గలది అనే అర్థాలున్నాయి. హిందీలో పొడదుప్పికి వాడే చీతల్, చిరుత వంటి మృగానికి వాడే చీతా అనే పేర్లు దీని నుండే వచ్చాయి.

ఆంగ్లంలో స్పాట్ అనే పదం చాలా విస్తృతమైనది. తెలుగులోని చుక్క, మచ్చ, మరక, పొడ అనే నాలుగింటినీ అది తెలుపగలదు. డాట్ అంటే చిన్న గుండ్రని చుక్క. స్పెక్ అంటే రేణువంత మచ్చ. స్పెకిల్ అంటే సన్నని చుక్కలు దట్టంగా చల్లినట్లుండడం. ఎండ వల్ల చర్మం మీద వచ్చే లేత గోధుమ చుక్కలు ఫ్రెకిల్స్. ఆకారం లేని పెద్ద మచ్చ బ్లాచ్. మరక స్టెయిన్. పుట్టుమచ్చ మోల్. గుర్రం ఒంటి మీద లేత, ముదురు రంగులు వలయాలుగా కలిసిపోతే డాపిల్. ఆంగ్లం నుండి తెలుగులోకి అనువదించే విద్యార్థులు స్పాట్ అని కనబడిన ప్రతిచోటా మచ్చ అని రాయడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ గుర్తు పెట్టినదా, పుట్టినదా, అంటినదా అని చూసి పదాన్ని ఎంచుకోవాలి.

అన్నివేళలా ఆంగ్లమే విస్తృతం, తెలుగే నిర్దిష్టం అని చెప్పడానికి వీలులేదు. పైన చెప్పిన స్పెక్, స్పెకిల్, ఫ్రెకిల్ అనే భేదాలకు తెలుగులో వేరువేరు ఏకపదాలు లేవు. సన్నచుక్కలు, చిరుమచ్చలు అని సమాసాలతో చెప్పుకోవలసి వస్తుంది. మరోవైపు పాముపొడ తెగులుకు ఆంగ్లంలో ఉన్న "షీత్ బ్లైట్" అనే పేరు తెగులు సోకే భాగాన్ని చెబుతుంది గాని మచ్చ రూపాన్ని చెప్పదు. తెలుగు పేరు వింటే మచ్చ ఎలా ఉంటుందో తెలుస్తుంది.

వృత్తులకు సంబంధించిన ఇటువంటి పదాలను సేకరించే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం ద్వారా జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి.

## జాతీయాలు, సామెతలు

* చుక్కలు చూపించు: నానా బాధలు పెట్టు.
* చుక్కలనంటు: ధరలు విపరీతంగా పెరుగు.
* మచ్చ పడు: మంచి పేరుకు భంగం కలుగు. మచ్చలేని మనిషి అంటే నిందకు గురికానివాడు.
* పొడ గిట్టదు: ఎదుట కనబడితేనే సహించలేకపోవు.
* పులిని చూసి నక్క వాత పెట్టుకొన్నట్లు: తగని అనుకరణ. పులి చారలు పుట్టుకతో వచ్చినవి, నక్క వాత కాల్చి పెట్టుకొన్నది. గుర్తు ఎలా వచ్చిందన్న భేదమే ఈ సామెతకు ప్రాణం.

## పొరపాటు పడే పదాలు

చుక్కకూరలోని చుక్కకు గుర్తు అనే అర్థంతో సంబంధం లేదు. పులుపును తెలిపే చుక్ర అనే సంస్కృత పదం నుండి అది వచ్చింది. పడవను నడిపే చుక్కాని అరబ్బీ పదమైన సుక్కాన్ నుండి ఏర్పడింది. "మచ్చుకు ఒకటి" అనే మాటలోని మచ్చు అంటే నమూనా. అది మచ్చ కాదు.

## ఇవి కూడా చూడండి

* భీమడోలు
* కొల్లేరు సరస్సు
* ముగ్గు
* బొట్టు
* వరి తెగుళ్ళు
* బొల్లి